ఫ్రోజెన్ ప్యాకెట్‌లో గోధుమ ఎక్కడ దాక్కుంటుంది: గ్లూటెన్ పడనివాళ్ళ ఇంటికి సమగ్ర మార్గదర్శి

భీమవరంలోనో అమలాపురంలోనో సూపర్‌మార్కెట్ డీప్ ఫ్రీజర్ దగ్గర నిలబడి, "బాబూ, ఇందులో గోధుమ ఉందా?" అని అడిగి చూడండి. "ఇది చికెనండీ, గోధుమెందుకుంటదండీ!" అంటాడు అక్కడి కుర్రాడు. అతని తప్పేం లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించిన నాటి నుంచి ఈ నేలంతా వరిచేలే, ఇంటింటా అన్నమే. గోధుమ అంటే మనకి చపాతీ, పూరీ, ఉప్మా రవ్వ. నగ్గెట్‌లోనో, రొయ్యలోనో, బంగాళాదుంప టిక్కీలోనో గోధుమ ఉంటుందని ఎవరికి తడుతుంది?

ఉంటుంది. ఎందుకుంటుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఫ్యాక్టరీవాళ్ళు గోధుమని రుచి కోసం వెయ్యరు, పని కోసం వేస్తారు. పైన కరకరలాడే పొర కట్టడానికి, లోపలి ముద్ద విడిపోకుండా పట్టి ఉంచడానికి, సాసు చిక్కబడడానికి, మసాలా పొడి ఉండ కట్టకుండా ఉండడానికి. అందుకని ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే "ఇది దేనితో చేశారు?" అని ఆగిపోకండి. "దీన్ని పట్టి ఉంచింది ఏది? కరకరలాడించేది ఏది?" అని అడగండి. కింద చెప్పేదంతా ఆ రెండు ప్రశ్నలకి జవాబు వెతికే పద్ధతే.

ముందుగా: ఎవరికి ఎంత జాగ్రత్త కావాలి

గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్. మైదా, ఆటా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, మామూలు సేమ్యా అన్నీ గోధుమే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళ కడుపులోకి అది వెళ్తే, వాళ్ళ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. విరేచనాలు, కడుపుబ్బరం అందరికీ తెలిసిన లక్షణాలు. ఎన్ని ఐరన్ మాత్రలు వేసినా తగ్గని రక్తహీనత, పిల్లలు ఈడుకి తగ్గట్టు ఎదగకపోవడం, ఎముకలు గుల్లబారడం కూడా దీనివల్ల రావచ్చు. వేయించినా, ఉడికించినా, గడ్డకట్టించినా గ్లూటెన్ పోదు. గోధుమ అలర్జీ వేరే సంగతి. అక్కడ గొడవ గోధుమతోనే, కానీ పిసరంత తగిలినా దద్దుర్లో ఆయాసమో వచ్చే మనుషులుంటారు.

2016లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఈ జబ్బు ఉత్తరాదిన నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరుగా తేలింది. ఇక్కడ తక్కువ కాబట్టే చుట్టాలకి అర్థం కాదు. "కొంచెం తింటే ఏమవుతుందే" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

అనుమానం ఉంది కదా అని పరీక్షకి ముందే గోధుమ మానేయకండి. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీలో తీసే పేగు ముక్క పరీక్ష, రెండూ గోధుమ తింటున్నప్పుడే నిజం చెబుతాయి. మానేసి కొన్నాళ్ళయ్యాక చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. డాక్టరు తేల్చాకే ఈ లేబుళ్ళ గోల.

20 అనే అంకె

మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. దేశాలన్నిటికీ ఆహార ప్రమాణాలు సూచించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దూ అదే. 20 నుంచి 100 దాకా ఉంటే "లో గ్లూటెన్" అంటారు. అది సీలియాక్ వాళ్ళకి పనికొచ్చేది కాదు, పేరు చూసి మోసపోకండి.

20 మిల్లీగ్రాములంటే ఎంతో లెక్క వేద్దాం. వంద గ్రాముల స్నాక్‌లో 2 మిల్లీగ్రాములన్నమాట. మైదాలో సుమారు పదోవంతు ప్రోటీన్, దాంట్లో నూటికి ఎనభై పాళ్ళు గ్లూటెన్. అంటే గ్రాము మైదాలో దగ్గర దగ్గర 80 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 2 మిల్లీగ్రాములకి గ్రాము మైదాలో నలభయ్యో వంతు చాలు. పూరీలు వత్తిన పీట మీద చెయ్యి ఆనిస్తే వేళ్ళకి అంటుకునే పిండి అంతకంటే ఎక్కువే ఉంటుంది. "కొంచెమే కదా" అనే మాట ఇక్కడ ఎందుకు చెల్లదో ఈ లెక్క చెప్పేస్తుంది. పెద్దమ్మలకి కూడా నేను ఇదే చెబుతాను.

మొదటి అడుగు: వస్తువును బట్టి అనుమానించడం

ప్యాకెట్ తిప్పకముందే సగం తేల్చుకోవచ్చు. సమోసా, స్ప్రింగ్ రోల్, మోమో, పరోటా, పఫ్, పిజ్జా పాకెట్ లాంటివాటికి పైచుట్టు మైదాదో ఆటాదో అయి ఉంటుంది. "గ్లూటెన్ ఫ్రీ" అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ముట్టుకోనక్కర్లేదు, టైము వృథా.

చిక్కంతా రెండో రకంతో. మన రొయ్యనే తీసుకుందాం, డెల్టాలో చెరువు లేని ఊరు లేదు కాబట్టి. ఒలిచి శుభ్రం చేసి విడివిడిగా గడ్డకట్టించిన మామూలు రొయ్యల ప్యాకెట్ వెనక చూస్తే రొయ్యలు, నీళ్ళు, ఉప్పు, మహా అయితే తేమ నిలవడానికి వేసే ఫాస్ఫేట్ కనిపిస్తాయి. ఫాస్ఫేట్‌తో గ్లూటెన్‌కి సంబంధం లేదు. అదే రొయ్య "క్రిస్పీ", "బ్రెడెడ్", "పాప్‌కార్న్", "టెంపురా" అనే పేరుతో వచ్చిందంటే దానికి మూడు చొక్కాలు తొడిగారన్నమాట. ముందు తడి రొయ్యకి పొడి పిండి చల్లుతారు, తరవాత జారుడు పిండిలో ముంచుతారు, ఆపైన బ్రెడ్ పొడి అద్దుతారు. మూడూ మామూలుగా గోధుమతోనే. తరవాత నూనెలో సగం వేయించి గడ్డకట్టిస్తారు. మనం ఇంట్లో వేయించేది రెండోసారి. ఆ ఫ్యాక్టరీ నూనెలో అంతకుముందు ఏమేం వేగాయో లేబుల్ చెప్పదు.

చికెన్ నగ్గెట్లు, పాప్‌కార్న్ చికెన్, ఫిష్ ఫింగర్లు, చీజ్ బాల్స్, వెజ్ కట్లెట్లు, బర్గర్ ప్యాటీలు అన్నీ ఇదే వరస. "పాంకో" అని రాసినా అది బ్రెడ్ పొడే. పైన కార్న్‌ఫ్లేక్స్ అద్దినవి వస్తే జొన్నపొత్తుల జాతే కదా, ఫరవాలేదు అనుకోకండి. కార్న్‌ఫ్లేక్స్‌కి రుచి కోసం చాలా కంపెనీలు బార్లీ మాల్ట్ వేస్తాయి.

సాసేజ్, సీక్ కబాబ్, సలామీ, మీట్‌బాల్ లాంటి వాటికి పైపొర ఉండదు, కానీ ముద్ద పట్టి ఉండాలి కదా. అక్కడ గోధుమ పిండో, బ్రెడ్ పొడో, రస్కు పొడో ఉంటుంది. శాకాహార కబాబులు, "మాంసం లాంటి" సోయా ముక్కల్లో అయితే చాలాసార్లు గోధుమ నుంచి తీసిన గ్లూటెన్‌నే ఏకంగా కలుపుతారు, కండలాగా నమలడానికి. మంచూరియా, చిల్లీ చికెన్, హాట్ గార్లిక్ రకాల్లో మైదాతో పాటు సోయా సాసు కూడా ఉంటుంది. సోయా సాసు సంప్రదాయంగా సోయాతో పాటు గోధుమ వేసి పులియబెట్టేది.

ఇక ఫ్రెంచ్ ఫ్రైస్. ఉత్తి బంగాళాదుంప, నూనె, ఉప్పు ఉన్నవి దొరుకుతాయి. "ఎక్స్‌ట్రా క్రిస్పీ", "మసాలా", "పెరి పెరి" అని ఉన్నవాటిని మాత్రం నమ్మకండి. ఆ కరకర కోసం సన్నటి పిండి పూత వేస్తారు. అది బియ్యప్పిండి అయినా కావచ్చు, గోధుమ పిండి అయినా కావచ్చు. కళ్ళకి కనపడదు. స్మైలీలు, హాష్ బ్రౌన్లు, ఆలూ టిక్కీలు కూడా వెనక చూసి తేల్చుకోవాల్సినవే.

మన టిఫిన్లలో ఫ్రోజెన్ ఇడ్లీ, మినప గారె, దోసె, ఇడియప్పం పదార్థం ప్రకారం మంచివే. ఇడ్లీ రవ్వ బియ్యానిది. అయితే "రవ్వ ఇడ్లీ", "రవ్వ దోసె" అంటే బొంబాయి రవ్వ. గారెల్లో ఇంగువ ఉందేమో చూడాలి, దాని కథ కింద చెబుతాను. పునుగుల్లో, మైసూరు బజ్జీల్లో మైదా పడుతుందని వండేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రెండో అడుగు: ముందు వైపు రాసింది పక్కన పెట్టడం

ప్యాకెట్ ముందు వైపు ఉండేది అమ్ముకోవడానికి. అక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "నో మైదా". మైదా లేదంటే గోధుమ లేదనుకుని కొనేసేవాళ్ళని చూశాను. నో మైదా పరోటా అంటే ఆటా పరోటా. మైదాకి భయపడేది షుగరు, బరువు గురించి ఆలోచించేవాళ్ళు. వాళ్ళకి రాసిన మాట అది, మనకి కాదు.

"మిల్లెట్", "రాగి", "మల్టీగ్రెయిన్" కూడా ఇలాంటివే. రాగి మోమో వెనక చూడండి, గోధుమ పిండి తరవాత ఎక్కడో రాగి ఉంటుంది. రాగిలో సాగే గుణం లేదు, ఉత్తి రాగిపిండితో పల్చటి చుట్టు రాదు. అందుకే గోధుమ కలపడం. ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. పోషకాల పట్టికలో గ్లూటెన్‌కి వరసే ఉండదు, కాబట్టి అందులో వెతక్కండి.

మూడో అడుగు: పదార్థాల జాబితా, చివరి అక్షరం దాకా

వెనక్కి తిప్పండి. ఫ్రీజర్ మంచు పట్టి అక్షరాలు కనపడకపోతే చీర కొంగుతోనో చేతిరుమాలుతోనో తుడిచి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకు చదవండి. జాబితా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే నియమం ప్రకారం సరిపోతుంది, తెలుగు తప్పనిసరి కాదు. అందుకని ఇంట్లో పెద్దవాళ్ళు బజారుకి వెళ్తే, చూడాల్సిన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే ఒక చీటీ మీద రాసి ఇవ్వండి.

పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి వస్తాయి. మొదటి మూడు పేర్లు చూసి వదిలేస్తే లాభం లేదు, మన శత్రువు చివర్లో ఉంటాడు.

సూటిగా కనిపించే మాటలు: వీట్, రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, మైదా, ఆటా, హోల్ వీట్, సెమోలినా, సూజీ, డ్యూరమ్, వర్మిసెల్లి, బ్రెడ్ క్రంబ్స్, రస్క్, బార్లీ, రై, వీట్ గ్లూటెన్. ఖప్లీ, స్పెల్ట్ అని రాసినా అవి గోధుమ రకాలే, "పాతకాలం గోధుమ పడుతుంది" అనే ప్రచారం నమ్మకండి.

చాటుగా ఉండే మాటల దగ్గర ఆగాలి.

మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ వెనిగర్: వేరే పేరు చెప్పకపోతే బార్లీవే అనుకోండి. ఉత్తి సింథటిక్ వెనిగర్‌తో బాధ లేదు.

బ్యాటర్ మిక్స్, కోటింగ్, సీజనింగ్, స్పైస్ మిక్స్: ఇవి ఒక్క పదార్థం కాదు, పొట్లాలు. పక్కనే బ్రాకెట్‌లో లోపలివి విడదీసి ఉంటే చదవండి. విడదీయకపోతే అనుమానంలో పెట్టండి.

మోడిఫైడ్ స్టార్చ్, ఎడిబుల్ స్టార్చ్, ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపేవాటికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 1400 నుంచి 1450 దాకా ఉండే అంకెలు: ఇవి పిండిపదార్థాలు. మొక్కజొన్నవో కర్రపెండలంవో అయితే మంచిదే, గోధుమవి కూడా అయ్యే వీలుంది. అంకె చూసి మూలం చెప్పలేం. జవాబు తరవాతి అడుగులో దొరకొచ్చు.

హైడ్రలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్: వెజిటబుల్ అన్నారు కదా అని ఊరుకోకూడదు. సోయా, మొక్కజొన్న, గోధుమ, ఏదైనా కావచ్చు.

ఇంగువ: మనకి డబ్బాలో దొరికేది పచ్చి ఇంగువ కాదు. ఆ జిగురు మరీ ఘాటు, అందుకని పిండి, బంక కలిపి పొడి చేస్తారు. ఆ పిండి చాలాసార్లు గోధుమదే, కొన్నిట్లో బియ్యప్పిండి. ఫ్రోజెన్ గారెలో, కచోరీలో "అసఫోటిడా" అని ఒక్క మాట ఉంటే అందులో పిండి ఏమిటో అడగాల్సిందే. ఈ పనిలో పనిగా మీ వంటింట్లో ఇంగువ డబ్బా కూడా తిప్పి చూడండి. పులిహోర సురక్షితం అనుకునే ఇంట్లో చాలామందికి షాక్ అక్కడే తగులుతుంది.

అనవసరంగా భయపడేవి కూడా ఉన్నాయి: మాల్టోడెక్స్‌ట్రిన్‌ని పేరులో మాల్ట్ చూసి వదిలేస్తారు, దాంతో మాల్ట్‌కి సంబంధం లేదు, మామూలుగా సురక్షితమే. గ్లూకోజ్ సిరప్, శాంతన్ గమ్, ఎమ్ఎస్‌జీ, సిట్రిక్ యాసిడ్, ఈస్ట్‌కి కూడా భయపడక్కర్లేదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రం బార్లీ నుంచి వచ్చే వీలుంది, అడగండి. ఓట్స్ సంగతి డాక్టరుతో మాట్లాడాకే. చాలామందికి శుద్ధమైన ఓట్స్ పడతాయి గానీ, బజారు ఓట్స్‌లో గోధుమ గింజలు కలిసిపోయి ఉంటాయి.

నాలుగో అడుగు: "కంటెయిన్స్" వాక్యం

జాబితా కింద అలర్జీ సమాచారం విడిగా ఉంటుంది. 2020 నాటి లేబులింగ్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న గింజలు, అంటే గోధుమ, రై, బార్లీ, ఓట్స్ లాంటివి, వాడితే "కంటెయిన్స్" అని పేరు పెట్టి చెప్పాలి. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశెనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా కూడా ఆ పట్టికలో ఉంటాయి.

జాబితాలో "మోడిఫైడ్ స్టార్చ్" అని ఉండి, అలర్జీ వాక్యంలో "కంటెయిన్స్ మిల్క్, సోయా" అని మాత్రమే ఉంటే, ఆ స్టార్చ్ గోధుమది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ ఒక్క ఈ వాక్యాన్నే నమ్ముకోవద్దు. జాబితాలో ఇంగువ ఉండి, వాక్యంలో గోధుమ లేకపోతే, ఇంగువలోని పిండి లెక్కలోకి తీసుకున్నారో లేదో అడగాలి. జాబితా, వాక్యం రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఆ ప్యాకెట్ తిరిగి ఫ్రీజర్లోకే.

అలర్జీ వాక్యమే లేని ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోకండి. చిన్న ప్యాకెట్ అయితే అది వచ్చిన పెద్ద పెట్టె మీద ఉందేమో అడగండి. పెద్ద ప్యాకెట్ మీద కూడా లేకపోతే ఆ కంపెనీ శ్రద్ధ ఎంతో తెలిసిపోయింది కదా.

కొన్ని దుకాణాల్లో పెద్ద సంచి విప్పి, అరకిలో చొప్పున తెల్ల కవర్లలో కట్టి అమ్ముతారు. పెళ్ళిళ్ళకి, పార్టీలకి చవగ్గా వస్తాయని కొంటారు. గ్లూటెన్ పడని మనిషికి అవి వద్దు. లేబుల్ లేదు, పైగా నగ్గెట్లు తీసిన చేత్తోనే ఫ్రైస్ కూడా తీసి ఉంటారు.

అయిదో అడుగు: "మే కంటెయిన్"

జాబితా శుభ్రంగా ఉండి, కింద "మే కంటెయిన్ వీట్" అని ఉంటే, గోధుమ వెయ్యలేదు గానీ అదే లైన్ మీద, అదే షెడ్డులో గోధుమ సరుకు నడుస్తుంది కాబట్టి కలిసి ఉండొచ్చని అర్థం. ఫ్రోజెన్ స్నాక్స్ విషయంలో దీన్ని "వద్దు" అనే చదవాలని నా అభిప్రాయం. పొడి పిండి ఎగిరే షెడ్డు అది, సగం వేయించే నూనె తొట్టి అది. చక్కెరో పప్పో అయితే వేరే సంగతి, ఇక్కడ మాత్రం రాజీ పడకండి. ఆ వాక్యం లేకపోవడం హామీ అని కూడా అనుకోకండి.

ఆరో అడుగు: "గ్లూటెన్ ఫ్రీ" అని రాసినా ఆగి చూడడం

గోధుమ కంకి మీద అడ్డగీత ఉన్న బొమ్మలు రకరకాలుగా కనిపిస్తాయి. కొన్ని నిజంగా ధ్రువీకరణ సంస్థలు ఇచ్చేవి, వాటి కింద ఏదో ఒక కోడ్ ఉంటుంది. కొన్ని డిజైనర్ గీసిన బొమ్మలు. బొమ్మ కంటే మాట ముఖ్యం, మాట కంటే వెనక జాబితా ముఖ్యం. ముందు "గ్లూటెన్ ఫ్రీ" అనీ, వెనక "మే కంటెయిన్ వీట్" అనీ రెండూ ఉన్న ప్యాకెట్‌ని కంపెనీని అడక్కుండా కొనకండి.

తరవాత ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూడండి. 14 అంకెలు. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరిదో, చెల్లుతోందో లేదో వస్తుంది. గ్లూటెన్ లేదని ఆ నంబరు చెప్పదు, కానీ అడ్రస్ లేని సరుకుని ఏరిపారెయ్యడానికి పనికొస్తుంది.

ఈ నంబరుతో ఇంకో పని ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఒకే బ్రాండు, ఒకే బొమ్మ, ఒకే రుచి, కానీ రెండు మూడు ఊళ్ళలో తయారవుతుంది. ప్యాకెట్ మీద నాలుగు అడ్రసులు, నాలుగు లైసెన్సు నంబర్లు వేసి, "బ్యాచ్ నంబరు మొదటి అక్షరం చూసుకోండి" అని చిన్న అక్షరాల్లో రాస్తారు. బ్యాచ్ "ఎ"తో మొదలైతే ఒక ఫ్యాక్టరీ, "బి"తో మొదలైతే ఇంకోటి. ఒకదాంట్లో గోధుమ సరుకు లేకపోవచ్చు, ఇంకోదాంట్లో అదే ముఖ్యమైన సరుకు కావచ్చు. కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు ఆ అక్షరం దగ్గర పెట్టుకోండి. "కొత్త రుచి", "మరింత కరకర" అని ప్యాకెట్ మారితే మళ్ళీ మొదటి అడుగు నుంచి రండి. ఆన్‌లైన్‌లో కొంటే అక్కడ పెట్టిన ఫొటో పాత ప్యాకెట్‌ది అయి ఉండొచ్చు, ఇంటికి వచ్చినదాన్ని చదవాలి.

ఏడో అడుగు: కంపెనీని అడగడం

ప్రతి ప్యాకెట్ మీదా కస్టమర్ కేర్ ఫోను, మెయిల్ ఉంటాయి. మొహమాటపడకండి. మెయిల్ మేలు, జవాబు రాతపూర్వకంగా మిగులుతుంది. ఫోన్ చేస్తే ఇలా ఉంటుంది:

"ఏవండీ, మీ ఆలూ టిక్కీలో గ్లూటెన్ ఉంటుందా?"

"మా ప్రాడక్ట్స్ అన్నీ సేఫ్ మేడమ్."

"సేఫేనండీ, కాదనట్లేదు. అందులో స్టార్చ్ మొక్కజొన్నదా, గోధుమదా?"

ఇక్కడ అవతలి మనిషి "లైన్‌లో ఉండండి" అంటారు. అంటే ప్రశ్న సరైనదే వేశారన్నమాట. "గ్లూటెన్ ఉందా" అని గుండుగుత్తగా అడిగితే గుండుగుత్తగానే జవాబొస్తుంది. విడదీసి అడగండి: స్టార్చ్ దేనిది, ఇంగువలో ఏ పిండి, మసాలా మిక్స్‌లో గోధుమ ఉందా, అదే లైన్ మీద బ్రెడ్ పొడి సరుకు నడుస్తుందా, సగం వేయించే నూనె వేరేనా, పూర్తయిన సరుకుకి గ్లూటెన్ పరీక్ష చేస్తారా, చేస్తే ఏ హద్దు దాకా, బ్యాచ్ ఫలానా అక్షరంతో ఉన్నది ఏ ఫ్యాక్టరీ.

వీటన్నిటికీ విడివిడిగా జవాబు ఇచ్చిన కంపెనీని నమ్మొచ్చు, జవాబు మనకి అనుకూలంగా లేకపోయినా సరే. "మేము గ్యారంటీ ఇవ్వలేం" అని నిజాయితీగా రాసినవాళ్ళకి నేను థాంక్స్ చెప్పి, ఆ సరుకు మానేస్తాను. మూడు వాక్యాల పొగడ్తతో మెయిల్ ముగించినవాళ్ళ సరుకు కూడా మానేస్తాను, థాంక్స్ లేకుండా.

ఎనిమిదో అడుగు: ఇంట్లో పరీక్షల గురించి

అయోడిన్ చుక్క వేస్తే నల్లబడితే గోధుమ ఉన్నట్టు అని వీడియోలు తిరుగుతున్నాయి. నమ్మకండి. అయోడిన్ పట్టుకునేది పిండిపదార్థాన్ని. బియ్యం మీద వేసినా, బంగాళాదుంప మీద వేసినా నల్లబడుతుంది. గ్లూటెన్ ప్రోటీన్, దానికి అయోడిన్ పలకదు. నీళ్ళలో కడిగితే జిగురు మిగులుతుందేమో చూడడం ముద్ద మైదాకి పనికొస్తుంది గానీ, టిక్కీలో పిసరంత ఉంటే తేలదు.

గ్లూటెన్ పట్టే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. అవి మీరు తీసిన ముక్క గురించే చెబుతాయి, ప్యాకెట్‌లో పక్క ముక్క గురించి కాదు. ల్యాబులో చేసే పరీక్షని ఎలైజా అంటారు, ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఆహార ల్యాబులు చేస్తాయి. మొలకెత్తించి చేసే మాల్ట్, పులియబెట్టి చేసే సోయా సాసు లాంటి వాటిలో గ్లూటెన్ ముక్కలైపోయి ఉంటుంది, మామూలు ఎలైజా దాన్ని తక్కువ చూపిస్తుంది. వాటికి వేరే రకం పరీక్ష కావాలని ముందే ల్యాబుకి చెప్పాలి.

అన్నిటికంటే చెడ్డ పరీక్ష "కొంచెం తిని చూద్దాం, ఏమీ కాకపోతే సరే" అనేది. సీలియాక్‌లో బయటికి ఏమీ కనిపించకుండానే లోపల పేగు దెబ్బతింటూ ఉండొచ్చు. పడిందో లేదో చెప్పేది డాక్టరు అప్పుడప్పుడూ రాసే రక్తపరీక్ష.

విదేశీ ప్యాకెట్లు

అమెరికాలోనో లండన్‌లోనో పిల్లలు లేని ఇల్లు ఈ జిల్లాల్లో తక్కువ, కాబట్టి ఇదీ చెప్పాలి. యూరప్, బ్రిటన్ ప్యాకెట్లలో గోధుమ, బార్లీ లాంటివి జాబితాలోనే దళసరి అక్షరాల్లో ఉంటాయి, చదవడం తేలిక. అమెరికా అలర్జీ చట్టం గోధుమ పేరు చెప్పమంటుంది గానీ బార్లీ, రై పేర్లు కాదు. అక్కడి ప్యాకెట్‌లో "కంటెయిన్స్ వీట్" లేదు కదా అని ఊరుకోకుండా మాల్ట్ కోసం వెతకండి. "గ్లూటెన్ ఫ్రీ" హద్దు అక్కడా 20 మిల్లీగ్రాములే. ఆస్ట్రేలియాలో ఇంకా కఠినం, పరీక్షకి అసలు దొరక్కూడదు.

తొమ్మిదో అడుగు: ఇంటికి తెచ్చాక

ఇంత కష్టపడి తెచ్చింది వంటింట్లో పాడు చేసుకునేవాళ్ళే ఎక్కువ. ఫ్రీజర్లో గ్లూటెన్ లేనివి పై అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కింద పెడితే పై ప్యాకెట్ నుంచి బ్రెడ్ పొడి రాలుతుంది. ప్యాకెట్ చింపి డబ్బాలో పోస్తే, లేబుల్ ఉన్న ముక్క కత్తిరించి అందులోనే వెయ్యండి.

నూనె కొత్తది. పూరీలు, మైసూరు బజ్జీలు వేగిన నూనెలో వేయిస్తే గ్లూటెన్ అందులోంచి అంటుకుంటుంది. వడకట్టినా పోదు. మూకుడు, చిల్లుల గరిట విడిగా ఉంచుకుంటే మంచిది, కనీసం ముందు వీళ్ళవి వేయించి తరవాత మిగతావాళ్ళవి. ఎయిర్ ఫ్రయర్ వాడితే బుట్ట జాలీలో ఇరుక్కున్న బ్రెడ్ పొడి బ్రష్‌తో కూడా పూర్తిగా రాదు, వేరే బుట్ట కొనడమే నయం. సాసు సీసా మూతి నగ్గెట్‌కి తగలనివ్వకండి. హోటల్లో "ఉత్తి ఫ్రైసే కదా" అని తెప్పిస్తే, అదే నూనెలో నగ్గెట్లు వేగుతుంటాయి.

ప్యాకెట్లతో విసిగితే ఇంట్లోనే గడ్డకట్టించుకోండి. చేప ముక్కకి బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి కలిపి పట్టించి ఫ్రీజర్లో పెడితే ఎప్పుడంటే అప్పుడు వేయించుకోవచ్చు. గారెలు సగం వేయించి పెట్టుకోవచ్చు. దిబ్బరొట్టి ముక్కలు కూడా నిలవుంటాయి. బియ్యప్పిండి మాత్రం గోధుమలు పట్టే పిండి మరలో పట్టించకండి. మీ కంటే ముందు ఎవరి గోధుమలు పడ్డాయో వాటి పిండి మీ సంచిలోకే వస్తుంది. ఇంట్లో మిక్సీలో ఆడి జల్లించుకోవడమే, జల్లెడ కూడా విడిగా.

పండక్కి చుట్టాలు తెచ్చేవాటి సంగతి ఒక్క ముక్క. తాపేశ్వరం కాజా మైదా, కుదరదు. ఆత్రేయపురం పూతరేకులు, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి, బియ్యం పిండి రేకు, నెయ్యి, పంచదారో బెల్లమో, కాబట్టి మనవే. హార్లిక్స్ లాంటి మాల్ట్ పొడి చల్లిన కొత్త రకాలు మాత్రం కాదు.

తేడా వస్తే

ప్యాకెట్ తిన్నాక ఇబ్బంది వచ్చిందనిపిస్తే ముందు మనిషిని డాక్టరు దగ్గరికి, తరవాత ప్యాకెట్ సంగతి. కవరు పారేయకండి. బ్యాచ్ నంబరు, తేదీ, లైసెన్సు నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి, మిగిలిన ముక్కలు సంచిలో మూటకట్టి ఫ్రీజర్లో ఉంచండి, బిల్లు దాచండి. కంపెనీకి మెయిల్, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు, రెండూ చెయ్యండి. జిల్లాలో ఫుడ్ సేఫ్టీ అధికారికి కూడా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

కొన్నవాళ్ళే సరుకుని పరీక్ష చేయించుకునే హక్కు 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ఇస్తుంది. ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌కి ఇస్తే 14 రోజుల్లో రిపోర్టు రావాలి, సరుకు నియమాలకి విరుద్ధమని తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. ఒక మెలిక ఉంది: పరీక్షకి ఇస్తున్నానని కొనేటప్పుడే అమ్మేవాళ్ళకి చెప్పాలి. అందుకని ఇంట్లో సగం తిన్న ప్యాకెట్ కాకుండా, అదే బ్యాచ్‌ది ఇంకోటి, షాపువాళ్ళకి సంగతి చెప్పి, బిల్లుతో కొనండి.